టీబీ మాత్రలు వాడుతుంటే మాలా-డి పనిచేస్తుందా?

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మాది ఖమ్మం జిల్లాలో ఒక పల్లె. నా వయసు 27. రెండున్నరేళ్ళ పాప ఉంది. ఏడాదిన్నరగా గర్భం రాకుండా మాలా-డి మాత్రలు వాడుతున్నాను, ఒక్కరోజు కూడా మరిచిపోలేదు. మెడ పక్కన గడ్డలు వస్తే సూదితో పరీక్ష చేసి టీబీ అన్నారు. 18 రోజులుగా రోజుకు మూడు టీబీ మాత్రలు వేసుకుంటున్నాను. నా బరువు 46 కిలోలు. మూత్రం నారింజ రంగులో వస్తోంది, అది మామూలే అన్నారు. కానీ ఈసారి తెల్ల మాత్రలు సగం కూడా కాకముందే రెండు రోజులు చుక్కలు చుక్కలుగా రక్తం కనిపించింది. ఇదివరకెప్పుడూ ఇలా లేదు. పక్కింటావిడ 'యాంటీబయాటిక్ వేసుకుంటే పిల్స్ పనిచేయవు, మానెయ్' అంటోంది. మందుల షాపతను 'పొద్దున అవి, రాత్రి ఇవి వేసుకో, గ్యాప్ ఉంటే చాలు' అన్నాడు. ఎవరి మాట వినాలి? నాలుగు రోజుల కిందట కూడా మేం కలిశాం. ఇప్పుడు గర్భం వస్తే టీబీ మందుల వల్ల బిడ్డకు ఏమైనా అవుతుందా? ఇంకో రెండేళ్ళదాకా మాకు పిల్లలు వద్దు. మా తోడికోడలు ఫిట్స్‌కి ఎప్టాయిన్ వాడుతూ మాలా-ఎన్ వేసుకుంటోంది. ఆమెకూ ఇదే ఇబ్బందా?
– ఒక పాఠకురాలు

జవాబు: ఈ రోజు నుంచే మాలా-డి ఒక్కదాన్నే నమ్ముకోకండి. కలిసిన ప్రతిసారీ కండోమ్ వాడండి. టీబీ మాత్రలు మాత్రం ఒక్కపూట కూడా ఆపకండి. ఈ రెండూ ఖాయం చేసుకున్నాక మిగతాది నిదానంగా చదవండి.

మీరు అడిగినవాళ్ళలో పక్కింటావిడ మాట సగం నిజం. షాపతని మాట పూర్తిగా తప్పు. రెంటిలో షాపతని మాటే ఎక్కువ ప్రమాదం, ఎందుకంటే వినడానికి నమ్మేలా ఉంటుంది.

మీ టీబీ మాత్రల అట్ట వెనక్కి తిప్పి చూడండి. ఒక్కో మాత్రలో నాలుగు మందులు కలిపి ఉంటాయి: ఐసోనియాజిడ్ 75 మిల్లీగ్రాములు, రిఫాంపిసిన్ 150, పైరజినమైడ్ 400, ఇథాంబ్యుటాల్ 275. మీ బరువుకు రోజుకు మూడు మాత్రలంటే రిఫాంపిసిన్ 450 మిల్లీగ్రాములు పడుతోంది. మీ మూత్రానికి నారింజ రంగు తెచ్చింది అదే, మాలా-డిని దెబ్బతీస్తున్నదీ అదే. మిగతా మూడింటితో గర్భనిరోధక మాత్రలకు పేచీ లేదు.

మాలా-డి తెల్ల మాత్రలో ఉండే హార్మోన్లు చాలా తక్కువ: ఇథినైల్ ఈస్ట్రడయాల్ (ఇది ఈస్ట్రోజెన్ రకం) 0.03 మిల్లీగ్రాములు, లెవోనార్జెస్ట్రెల్ 0.15 మిల్లీగ్రాములు. అండం విడుదల కాకుండా ఆపడానికి ఆ కొంచెమే చాలు. కాకపోతే రక్తంలో అది ఒక మట్టానికి తగ్గకూడదు. ఈ హార్మోన్లను విరిచి బయటికి పంపే ఎంజైములు పేగు గోడలోనూ కాలేయంలోనూ ఉంటాయి. రిఫాంపిసిన్ ఆ ఎంజైములను మామూలు కంటే చాలా ఎక్కువగా తయారు చేయిస్తుంది. రోజూ ఒక బిందె నీళ్ళు పోస్తూ తొట్టి నిండుగా ఉంచుకుంటున్నారనుకోండి. ఇప్పుడు తొట్టి అడుగున చిల్లు పెద్దదైంది. మీరు రోజూ పోస్తున్నది అదే బిందె, కానీ సగానికి పైగా నీళ్ళు కారిపోతున్నాయి.

షాపతను చెప్పిన గ్యాప్ ఎందుకు పనికిరాదో దీంతోనే తెలుస్తుంది. ఆ రెండు మాత్రలూ కడుపులో ఒకదాన్నొకటి తాకి పాడుచేసుకోవడం లేదు. అలాగైతే నాలుగు గంటల ఎడం సరిపోయేది. ఐరన్ మాత్రకూ థైరాయిడ్ మాత్రకూ ఎడం పెట్టమనేది అందుకే, అక్కడ తగవు పేగులోనే. ఇక్కడ పెరిగిన ఎంజైములు 24 గంటలూ ఒంట్లోనే ఉంటాయి. పొద్దున వేసుకున్నా రాత్రి వేసుకున్నా మాలా-డి వాటి చేతిలో పడాల్సిందే. 'పోనీ రోజుకు రెండు మాలా-డి వేసుకుంటే?' అని కూడా అనిపించవచ్చు. రిఫాంపిసిన్ విషయంలో అదీ కుదరదు. ఎన్ని వేసుకుంటే సరిపోతుందో లెక్క కట్టడానికి వీల్లేదు, పైగా టీబీ మందులతో అసలే పని ఎక్కువైన కాలేయం మీద ఈస్ట్రోజెన్ భారం పెరుగుతుంది.

మీకు కనిపించిన రక్తం సంగతి. గర్భసంచి లోపలి పొరను ఈ హార్మోన్లే నిలబెట్టి ఉంచుతాయి. మట్టం పడిపోతే ఆ పొర అక్కడక్కడా ఊడి చుక్కలుగా కనిపిస్తుంది. రిఫాంపిసిన్‌కూ గర్భనిరోధక మాత్రలకూ పడదని వైద్యులకు మొదట అనుమానం వచ్చింది కూడా ఇలాగే. 1971లో జర్మనీలో టీబీ చికిత్స తీసుకుంటున్న ఆడవాళ్ళలో నెల మధ్యలో రక్తం కనిపించడం ఎక్కువైందని గమనించారు. మాత్ర మరిచిపోయినా, గర్భసంచి ముఖద్వారం దగ్గర ఇన్‌ఫెక్షన్ ఉన్నా ఇలా కావచ్చు. కానీ ఏడాదిన్నరగా లేనిది టీబీ మందు మొదలైన రెండు వారాలకు వచ్చిందంటే మొదట అనుమానించాల్సింది రిఫాంపిసిన్‌నే. దీన్నే తిప్పి చూడకండి సుమా: రక్తం కనిపించలేదు కాబట్టి మాత్ర పనిచేస్తోందని అనుకోవడానికి లేదు. చాలామందికి ఏ గుర్తూ కనబడదు.

ఈ ప్రభావం మొదలవడానికి కొన్ని రోజులు, పూర్తిగా కుదురుకోవడానికి సుమారు రెండు వారాలు పడుతుంది. 18 రోజులు దాటిన మీ మీద ఇప్పుడు అది పూర్తిగా ఉంది. తగ్గడం కూడా అంతే నిదానం. ఆఖరి రిఫాంపిసిన్ మాత్ర వేసుకున్నాక ఎంజైములు మామూలు స్థాయికి దిగడానికి దాదాపు నాలుగు వారాలు పడుతుంది. అంటే చికిత్స ఆరు నెలలైతే మీ లెక్క ఏడు నెలలు. మధ్యలో ఒకచోట చాలామంది పొరబడతారు. రెండు నెలలయ్యాక మీ మాత్ర మారుతుంది, నాలుగు మందుల మాత్ర పోయి మూడు మందులది వస్తుంది. 'గట్టి మందులు అయిపోయాయి' అనుకుని మళ్ళీ మాలా-డి మీదే ఆధారపడేవాళ్ళున్నారు. అప్పుడు తీసేసేది పైరజినమైడ్‌ని. రిఫాంపిసిన్ ఆఖరి రోజుదాకా ఉంటుంది. మెడ గడ్డల టీబీకి ఒక్కోసారి చికిత్స పొడిగిస్తారు కూడా. అందుకని మొదలుపెట్టిన తేదీ నుంచి లెక్కపెట్టకండి, ఆఖరి మాత్ర తేదీని గోడ క్యాలెండర్ మీద రాసుకుని అక్కడి నుంచి 28 రోజులు లెక్కపెట్టండి.

ఇప్పటికే గడిచిన రోజుల మాట. రక్షణ లేకుండా కలిసిన ఐదు రోజుల్లోపు గర్భసంచిలో పెట్టే కాపర్-టి వేయించుకుంటే గర్భం రాకుండా దాదాపుగా ఆపవచ్చు. మీ ఉత్తరం మాకు చేరి, ఈ జవాబు మీరు చదివేసరికి ఆ గడువు దాటిపోయి ఉంటుంది. ఇక ముందు కండోమ్ చిరిగినా, వాడటం మరిచినా ఆ ఐదు రోజుల మాట గుర్తుంచుకోండి. ఐ-పిల్ లాంటి అత్యవసర మాత్ర కూడా లెవోనార్జెస్ట్రెలే, 1.5 మిల్లీగ్రాములు. రిఫాంపిసిన్ దాన్నీ అలాగే కరిగించేస్తుంది. కాపర్-టికి ఏ దారీ లేకపోతే రెండు మాత్రలు ఒకేసారి, అంటే 3 మిల్లీగ్రాములు, 72 గంటల్లోపు వేసుకోమని బ్రిటన్ వైద్య మార్గదర్శకాలు చెబుతాయి. అది గత్యంతరం లేనప్పటి మాట. కాపర్-టి అంత భరోసా దానికి లేదు.

గర్భ పరీక్ష ఇప్పుడొకసారి చేసుకోండి. కండోమ్ లేకుండా కలిసిన ఆఖరి రోజుకు 21 రోజులయ్యాక మరోసారి చేసుకోండి. రెండోదే అసలు లెక్కలోకి వచ్చే పరీక్ష, మరీ ముందుగా చేస్తే గర్భం ఉన్నా లేదనే చూపించవచ్చు. మీ ఊరి ఆశా కార్యకర్త దగ్గర నిశ్చయ్ కిట్ దొరుకుతుంది. పొద్దున లేచాక మొదటి మూత్రంతో చేయండి, రెండు గీతలు వస్తే గర్భం ఉన్నట్టే, రెండో గీత పలచగా ఉన్నా సరే. మాలా-డి అట్టలో తెల్ల మాత్రలయ్యాక వేసుకునే ఐరన్ మాత్రల వారంలో రక్తస్రావం అయింది కదా అని పరీక్ష మానకండి. అది హార్మోన్ ఆపినందుకు వచ్చే రక్తమే గానీ గర్భం లేదనడానికి గట్టి రుజువు కాదు.

ఒకవేళ గర్భం నిలిచినా కంగారు పడకండి. మీరు వాడుతున్న నాలుగు మందులనూ గర్భిణులకూ ఇస్తారు. ఇవ్వకూడనిది స్ట్రెప్టోమైసిన్ ఇంజెక్షన్, దానివల్ల బిడ్డ వినికిడి దెబ్బతింటుంది. మీ చికిత్సలో అది లేదు. తెలియక మాలా-డి వేసుకున్నందువల్ల బిడ్డకు అవకరాలు వస్తాయన్నదీ నిజం కాదు. గర్భం ఉందని తేలితే మాలా-డి ఆపండి, టీబీ మాత్రలు కొనసాగించండి, ఆ వారంలోనే పీహెచ్‌సీలో చెప్పండి. చికిత్స లేని టీబీయే తల్లికీ బిడ్డకీ అసలు ముప్పు.

ఇక ఏం వాడాలి? మీకు రెండేళ్ళ ఎడం కావాలన్నారు కాబట్టి మా ఓటు కాపర్-టికి. అందులో హార్మోనే లేదు, రాగి గర్భసంచిలోనే పనిచేస్తుంది, కాలేయంలో ఎంజైములు ఎన్ని పెరిగినా దానికి పట్టదు. వేసిన క్షణం నుంచే రక్షణ. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా వేసేవాటిలో 380ఏ రకం పదేళ్ళు, 375 రకం ఐదేళ్ళు పనిచేస్తాయి. పిల్లలు కావాలనుకున్నప్పుడు తీయించేస్తే ఆ వెంటనే గర్భం రావచ్చు. వేసే ముందు ఒక్క సంగతి తేల్చుకోవాలి: టీబీ గర్భసంచికీ దాని గొట్టాలకూ పాకలేదని. పొత్తికడుపులో టీబీ ఉన్నవాళ్ళకు కాపర్-టి కొత్తగా వేయరు. మెడ గడ్డలకే పరిమితమైతే అడ్డం లేదు. మీకు పొత్తికడుపు నొప్పి, దుర్వాసనతో తెల్లబట్ట లాంటివి ఉంటే ముందే చెప్పండి. మొదటి మూడు నుంచి ఆరు నెలలు నెలసరిలో రక్తం, నొప్పి కాస్త ఎక్కువగా ఉంటాయి. టీబీ ఉన్నవాళ్ళకు రక్తం తక్కువగా ఉండటం మామూలే గనుక హిమోగ్లోబిన్ చూపించుకోండి. మరీ తక్కువగా ఉంటే ముందు దాన్ని పెంచుకుని, అప్పటిదాకా కండోమ్‌తోనో ఇంజెక్షన్‌తోనో నెట్టుకురావడం నయం.

ఆ ఇంజెక్షన్ పేరు అంతర. డీఎంపీఏ అనే హార్మోన్ మందు 150 మిల్లీగ్రాములు, కండకు ఇస్తారు, మూడు నెలలకొకసారి. ఇదీ హార్మోనే కదా, మరి రిఫాంపిసిన్ దీన్నెందుకు పాడుచేయదు అని అడగొచ్చు. ఇంజెక్షన్‌లో మందు మోతాదు చాలా ఎక్కువ, కండలోంచి నిదానంగా దిగుతుంది. పైగా కాలేయం ఈ మందును మామూలుగానే తనకు చేతనైనంత వేగంగా తీసేస్తుంది, రక్తం ఎంత వేగంగా అక్కడికి చేరితే అంత. కొత్త ఎంజైములు చేరినా ఆ వేగం పెద్దగా పెరగదు. అందుకే మోతాదు పెంచక్కర్లేదు, తేదీ ముందుకు జరపక్కర్లేదు. నెలసరి మొదలైన ఏడు రోజుల్లోపు చేయించుకుంటే వెంటనే పనిచేస్తుంది, ఆ తర్వాతైతే ఏడు రోజులు కండోమ్ వాడాలి. సూది వేసినచోట రుద్దకండి, కాపడం పెట్టకండి, రుద్దితే మందు త్వరగా కలిసిపోయి మూడు నెలలు నిలవదు. దీనితో నెలసరి అస్తవ్యస్తంగా రావడం, కొన్నాళ్ళకు పూర్తిగా ఆగిపోవడం మామూలు, ఆ రక్తమంతా లోపల గడ్డకట్టి ఉంటుందన్న భయం అక్కర్లేదు. ఆపేశాక గర్భం రావడానికి మాత్రం ఆలస్యమవుతుంది, ఆఖరి సూది తర్వాత సుమారు ఏడు నుంచి పది నెలలు. రెండేళ్ళ తర్వాతే పిల్లలు అనుకుంటున్నారు గనుక ఆ లెక్క ముందే వేసుకోండి.

ఛాయ మాత్ర గురించి కూడా మీకెవరైనా చెప్పే ఉంటారు, మొదటి మూడు నెలల తర్వాత వారానికొకటి చాలు, హార్మోన్ లేదని. టీబీలాంటి దీర్ఘకాల జబ్బు ఉన్నవాళ్ళు వాడొద్దని దాని కాగితంలోనే ఉంటుంది. మీకు ఇప్పుడు అది వద్దు. ప్రొజెస్టిరాన్ ఒక్కటే ఉండే మాత్రలూ, చేతి చర్మం కింద పెట్టే ఇంప్లాంట్ కూడా రిఫాంపిసిన్ ముందు బలహీనపడేవే. గర్భసంచిలో పెట్టే హార్మోన్ లూప్ మాత్రం అక్కడికక్కడే పనిచేస్తుంది కాబట్టి దానికి ఇబ్బంది లేదు, ఖరీదే ఎక్కువ.

కాపర్-టి వేయించుకునేదాకా చేతిలో ఉన్న మాలా-డి అట్ట పూర్తిచేయండి, కానీ అసలు రక్షణ కండోమే అనుకోండి. మధ్యలో మానేస్తే రక్తస్రావం ఇంకా గందరగోళమై, గర్భమో కాదో తెలియని స్థితి వస్తుంది. 21 తెల్ల మాత్రలయ్యాక ముదురు రంగు ఐరన్ మాత్రల వారంలో రక్తం కనిపించినప్పుడు వెళ్తే కాపర్-టి వేయడం సులువు. పరీక్షలో గర్భం లేదని తేలితే ఏ రోజైనా వేయవచ్చు. కండోమ్ విషయంలో ఒక్కటే గట్టిగా చెప్పాలి: కొబ్బరినూనె, వాజిలిన్ రాయకండి. రబ్బరు నిమిషాల్లో బలహీనపడి చిరుగుతుంది. పీహెచ్‌సీలో ఉచితంగా ఇచ్చే నిరోధ్ చాలు, ప్యాకెట్ మీద తేదీ చూసి వాడండి.

టీబీ మందుల మొదటి వారాల్లో వాంతులు సహజం. తెల్ల మాత్ర వేసుకున్న రెండు గంటల్లోపు వాంతయితే ఇంకో తెల్ల మాత్ర వేసుకోవాలి, దానికి వేరే అట్ట వాడండి, లేకపోతే రోజుల లెక్క తప్పుతుంది. వాంతులు ఆగకపోతే మాలా-డి గురించి కాదు, కాలేయం గురించి ఆలోచించాలి. రిఫాంపిసిన్ వల్ల మూత్రం ఎటూ రంగుగానే ఉంటుంది కాబట్టి పచ్చకామెర్లను మూత్రం రంగుతో పట్టుకోలేరు. పగటి వెలుతురులో అద్దం ముందు కింది రెప్ప లాగి, తెల్లగుడ్డు పసుపు పచ్చగా ఉందేమో చూసుకోండి. పచ్చగా ఉన్నా, అన్నం చూస్తేనే వికారమై కుడిపక్క పైకడుపు నొప్పిగా ఉన్నా అదే రోజు ఆసుపత్రికి వెళ్ళండి. కామెర్లు ఉన్నప్పుడు ఈస్ట్రోజెన్ మాత్ర వేసుకోకూడదు.

మీ తోడికోడలి విషయం. అవును, ఆమెకూ ఇదే ఇబ్బంది. ఎప్టాయిన్ అంటే ఫెనిటాయిన్, అదీ ఎంజైములను పెంచే మందే. ఫిట్స్ మందుల్లో ఇలాంటివి ఇంకా ఉన్నాయి: కార్బమజెపిన్, అంటే టెగ్రెటాల్, మజెటాల్ లాంటివి, గార్డెనాల్ పేరుతో వచ్చే ఫినోబార్బిటాల్, ఆక్స్‌కార్బజెపిన్, రోజుకు 200 మిల్లీగ్రాములు దాటిన టోపిరమేట్. మీది ఏడు నెలల సమస్య, ఆమెది ఏళ్ళ తరబడి సాగేది. కండోమ్‌తో అన్నేళ్ళు లాగడం కష్టం, ఆమెకూ కాపర్-టి మేలు. అంతర పనిచేస్తుంది గానీ ఫెనిటాయిన్ ఎముకలను కొంత పలచబరుస్తుంది, అంతర కూడా వాడినన్నాళ్ళు ఎముకల సాంద్రత తగ్గిస్తుంది. రెండూ ఏళ్ళపాటు కలిపి వాడటం మాకంత ఇష్టం లేదు. ఇది విని ఆమె ఎప్టాయిన్ ఆపేస్తే మాత్రం కొంప మునుగుతుంది. హఠాత్తుగా ఆపితే ఫిట్స్ ఆగకుండా వరసగా వచ్చి ప్రాణం మీదికి రావచ్చు.

లెవిటిరాసెటమ్, అంటే లెవిపిల్ లాంటివి, గర్భనిరోధక మాత్రలను దెబ్బతీయవు. డాక్టరు మందు మార్చినా పాతది పూర్తిగా ఆపాక నాలుగు వారాలు ఆగాలి. వాల్ప్రోయేట్‌తో కూడా పిల్స్‌కు పేచీ లేదు. అయితే ఆ మందు మీద గర్భం వస్తే బిడ్డకు అవకరాల ముప్పు చాలా ఎక్కువ, అందుకని అది వాడేవాళ్ళకే గట్టి గర్భనిరోధం అందరికంటే ఎక్కువ అవసరం. లామోట్రిజిన్ కథ తిరగబడి ఉంటుంది. అక్కడ ఈస్ట్రోజెన్ మాత్రే ఫిట్స్ మందును సుమారు సగానికి తగ్గించేస్తుంది. పిల్స్ మొదలుపెట్టాక ఫిట్స్ తిరగబెట్టవచ్చు, ఐరన్ మాత్రల వారంలో మందు మట్టం మళ్ళీ పెరిగి తల తిరగడం, ఒకటి రెండుగా కనిపించడం జరుగుతుంది. ఫిట్స్ డాక్టరుకు చెప్పకుండా ఈ రెండూ కలపకూడదు.

పక్కింటావిడ మాట సగం నిజమన్నాం కదా, మిగతా సగం ఇది. జలుబుకో, పంటికో, మూత్రంలో మంటకో ఇచ్చే అమాక్సిసిలిన్, అజిత్రోమైసిన్, సెఫిక్సిమ్, డాక్సీసైక్లిన్, సిప్రోఫ్లాక్సాసిన్, మెట్రోనిడజోల్ లాంటివి గర్భనిరోధక మాత్రలను పాడుచేయవు. పేగులోని మంచి క్రిములు చచ్చిపోయి హార్మోన్ తగ్గుతుందని పాత రోజుల్లో భయపడేవారు, పరీక్షల్లో అది నిలబడలేదు. వాటితో విరేచనాలు పట్టుకుని రెండు రోజులకు మించితే మాత్రం మాత్రలు మరిచిపోయినట్టే లెక్క, కండోమ్ కలపాలి. పారాసిటమాల్, గ్యాస్ మాత్రలు, విటమిన్లు, తెల్లబట్టకు ఒక్కసారి వేసే ఫ్లూకొనజోల్ 150 – వీటికి దేనికీ భయం లేదు.

భయపడాల్సినవి ఇంకొన్ని ఉన్నాయి, ఇవి పెద్దగా ఎవరూ చెప్పరు. ఇంట్లో ఒకరికి ఊపిరితిత్తుల టీబీ వస్తే మిగతావాళ్ళకు ముందుజాగ్రత్తగా వారానికొకసారి చొప్పున 12 వారాలు ఇచ్చే మందులో రిఫాపెంటిన్ ఉంటుంది. అది రిఫాంపిసిన్‌కు తోబుట్టువు. వారానికొక్కసారే కదా అని తీసిపారేయకండి, పిల్స్‌ను అదీ దెబ్బతీస్తుంది. అదే ఆరు నెలలు ఐసోనియాజిడ్ ఒక్కటే ఇస్తే ఇబ్బంది లేదు. తామరకు నెలల తరబడి వాడే గ్రైసియోఫుల్విన్ ఉన్నన్నాళ్ళూ, ఆపాక ఒక నెలా కండోమ్ కలపాలి. నిద్ర పట్టకుండా ఉండటానికి మింగే మొడాఫినిల్‌కూ అంతే. పాత హెచ్ఐవీ మందుల్లో ఎఫావిరెంజ్ ఇలాంటిదే, ఇప్పుడు ఎక్కువగా ఇస్తున్న డోలుటెగ్రావిర్‌తో ఆ సమస్య లేదు. అమెరికాలో ఉన్న మన అమ్మాయిలు 'మూలికే కదా' అని దిగులుకు కొనుక్కునే సెయింట్ జాన్స్ వార్ట్ కూడా ఎంజైములను పెంచేదే. 2025 మార్చిలో మన దేశంలో అమ్మకానికొచ్చిన, షుగరుకూ బరువు తగ్గడానికీ వాడే మౌంజారో ఇంజెక్షన్ తీరు వేరు. అది కడుపు ఖాళీ అవడాన్ని నెమ్మదింపజేసి నోటి మాత్రను ఒంటికి సరిగా పట్టనివ్వదు. మొదలుపెట్టిన నాలుగు వారాలు, మోతాదు పెంచిన ప్రతిసారీ మరో నాలుగు వారాలు కండోమ్ కలపమని తయారీదారులే రాశారు. థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్ళకు పిల్స్ పనిచేస్తాయి, కానీ థైరాయిడ్ మోతాదు చాలకపోవచ్చు. పిల్స్ మొదలుపెట్టిన రెండు మూడు నెలలకు టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ రక్తపరీక్ష చేయించుకోవాలి.

మీరు మళ్ళీ మాలా-డికే రావాలనుకుంటే, ఆఖరి టీబీ మాత్ర నుంచి 28 రోజులు దాటాక వచ్చే నెలసరి మొదటి ఐదు రోజుల్లో కొత్త అట్ట మొదలుపెట్టండి. ఇంకో రోజెప్పుడైనా మొదలుపెడితే తొలి ఏడు రోజులు కండోమ్ తప్పదు.

ఈసారి పీహెచ్‌సీకి వెళ్ళేటప్పుడు టీబీ అట్ట, మాలా-డి అట్ట రెండూ సంచిలో వేసుకెళ్ళండి. టీబీ మందులిచ్చేటప్పుడు 'ఇంకేమైనా మందులు వాడుతున్నావా' అని అడిగితే చాలామంది మాలా-డి పేరు చెప్పరు, అది జబ్బుకు వేసుకునేది కాదు కదా అని. రెండు అట్టలూ బల్ల మీద పెట్టి, 'ఇవి రెండూ వేసుకుంటున్నాను, నాకు కాపర్-టి కావాలి, గర్భసంచికి టీబీ లేదని చూసి చెప్పండి' అని అడగండి. మగ డాక్టరు ముందు నోరు పెగలకపోతే ఏఎన్ఎం నర్సమ్మకు చెప్పండి, కాపర్-టి వేసే రోజు ఎప్పుడో ఆమెకు తెలుసు. వీలైతే తోడికోడలిని కూడా వెంటబెట్టుకెళ్ళండి, ఎప్టాయిన్ అట్టతో సహా.